టేపత్త తమ్ముడు

ఈ సంగతి కిందటి నెలలో అడిగి ఉంటే చెప్పేదాన్ని కాదు. గుండెల మీది బండ దిగాక మనిషికి నోరు లేస్తుంది చూడండి, ఇప్పుడు నా పరిస్థితి అదీ. బండ నాది కాదు, మా మేనత్తది. కాకపోతే చివర్లో కొన్నాళ్ళు నేనూ ఒక పక్క పట్టుకున్నాను. చెప్పుకోమని ఆవిడే అంది కూడా. “చెప్పవే, అందరికీ చెప్పు. మనింట్లో ఎవరూ చెప్పకపోబట్టేగా ఇంత అయ్యింది” అంది.

మా మేనత్తని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కాబట్టి టేపత్త. వరసకి అత్త కానివాళ్ళకీ టేపత్తే. వీధి చివర కూరగాయలమ్మే ఆయన ఆవిడకంటే పెద్దవాడు, ఆయనకీ టేపత్తే. ఒకసారి ఎవరిదో పెళ్ళికి కొత్త చీర కట్టుకుని, మెడలో టేపు మర్చిపోయి వచ్చేసింది. నేను చెవిలో చెప్తే, “ఉంటే ఉందిలే, ఎవరికో పనికొస్తుంది” అంది. పనికొచ్చింది కూడా. పెళ్ళికూతురు జాకెట్టు పట్టక ఏడుస్తుంటే లోపలికి తీసుకెళ్ళి పక్క కుట్లు విప్పి సరిచేసి పంపింది.

ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ కింద మిషను, పక్కన ఇస్త్రీ బల్ల, దాని మీద పాతకాలం నాటి కాలిన మచ్చలు. గాజు సీసా నిండా బొత్తాలు. నేల మీద ఎంత ఊడ్చినా తరగని దారం ముక్కలు. కుట్టేది పిల్లల బట్టలు మాత్రమే. పిల్లల్ని ఒక ఎత్తు పీట మీద నిలబెట్టి కొలతలు తీస్తుంది. “కదిలావంటే చెయ్యి కూడా కలిపి కుట్టేస్తా” అని బెదిరిస్తుంది. వాళ్ళు కావాలనే కదులుతారు, ఆవిడ తిట్లు వినడానికి.

చంటిపిల్లల దగ్గరికొస్తే మాత్రం ఆవిడ పద్ధతి వేరు. కొలత తీసుకోదు. “పాత గౌను ఒకటి పంపించు, దాన్ని చూసి కుడతా” అంటుంది. ఏ తల్లయినా మురిపెంగా బిడ్డని చేతుల్లో పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేస్తుంది. “వద్దమ్మా, నా దగ్గర సూదులుంటాయి.” ఊరంతా ఆ మాట నమ్మింది. నేను నమ్మలేదు. సొంత తమ్ముడి కూతుర్ని నేను, నన్నూ ఎత్తుకోలేదు. నా చిన్నప్పటి ఫొటోల్లో అందరి ఒళ్ళోనూ ఉన్నాను, ఆవిడ ఒళ్ళో తప్ప. సూదులుంటే కింద పెట్టొచ్చుగా! ఎవరు కాదన్నారు? ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఉండేది. ఆవిడకి పిల్లల్లేరు. కలగలేదా, వద్దనుకున్నారా అని అడిగే ధైర్యం మావయ్య ఉన్నప్పుడూ ఎవరికీ లేదు, పోయాక అసలే లేదు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తాను. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, వంతు ప్రకారం లోపలికి పంపడం నా ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళందరూ నోరు తెరిచే చోట కూర్చుంటాను గానీ మా ఇంట్లోవాళ్ళ నోళ్ళు మాత్రం తెరిపించలేకపోయాను. మా వంశంలో పళ్ళు గట్టివి, నోళ్ళు అంతకంటే గట్టివి. చెడ్డ మాట ఇంట్లో పలకకూడదు, అదీ మావాళ్ళ పద్ధతి. జబ్బు పేరెత్తితే జబ్బొస్తుంది, పోయినవాళ్ళ పేరెత్తితే ఏడుపొస్తుంది, కాబట్టి రెండూ ఎత్తరు. మా తాతయ్యకి గుండెజబ్బని ఆయన పోయాక డాక్టరు చెప్తే తెలిసింది. అంతవరకూ “కాస్త నలతగా ఉంది” అనేవారు. కాలు విరిగినా నలతే, జ్వరమొచ్చినా నలతే.

మా నాన్న పోయాక నాకు ఉన్నట్టుండి ఒక పిచ్చి పట్టుకుంది. ఆయన పుట్టిన ఇంటి గురించి నాకేం తెలుసు అని ఆలోచిస్తే, ఏమీ తెలీదు. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎక్కడ పోయారో అంతా గీసి పెడదామని పెద్ద కాగితం ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. మా ఆయన కొన్నాళ్ళు కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు పాపం. గీస్తూ గీస్తూ ఒకచోట ఆగిపోయాను. టేపత్తకీ మా నాన్నకీ మధ్య చాలా ఏళ్ళ ఎడం ఉంది. నాన్న ఒకసారి అన్నమాట గుర్తొచ్చింది. “మా ఇద్దరికీ మధ్య ఒకడు ఉండేవాడట, చిన్నప్పుడే పోయాడట. అక్కని మాత్రం అడక్కు” అన్నాడు. అడక్కు అంటే అడగడమే కదా నా గుణం.

మర్నాడు మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద బడి పిల్లల చొక్కాల గుడ్డ పరిచి కత్తిరిస్తోంది.

“అత్తా, నీకూ నాన్నకీ మధ్య ఇంకో తమ్ముడు ఉండేవాడా?” అన్నాను.

కత్తెర ఆగింది. గుడ్డలో సగం దూరం వెళ్ళి ఆగింది. ఆవిడ ఎప్పుడూ అలా మధ్యలో ఆపదు.

“టీ తాగుతావా?” అంది.

“తాగను. చెప్పు.”

“నేను తాగుతా” అని లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాదు. లేచి వెళ్ళి చూస్తే పొయ్యి వెలగలేదు, ఖాళీ గ్లాసు పట్టుకుని గోడకేసి నిలబడి ఉంది.

“వాణ్ణి నేనే చంపానే” అంది.

అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది.

అప్పుడు ఆవిడకి ఆరేళ్ళుంటాయేమో. పల్లెటూళ్ళో ఇల్లు. మధ్యాహ్నం మా నానమ్మ, అంటే ఆవిడ అమ్మ, పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పిల్లాడు మంచం మీద పడుకుని ఏడుస్తున్నాడు. ఎత్తుకుని ఊరుకోబెడదామని ఎత్తుకుంది. వాడు గింజుకున్నాడు, చేతుల్లోంచి జారి నేల మీద పడ్డాడు. పడ్డాక వాడి గొంతు మారిపోయింది. గట్టిగా ఏడవలేదు, బొంగురుగా, గురకలాగా ఏదో శబ్దం. భయపడి మళ్ళీ మంచం మీద పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి పిన్ని వచ్చింది. అమ్మ ఈవిడ బట్టలు మూటగట్టి గుమ్మం బయట పెట్టి, “పిన్నితో వెళ్ళు” అంది. వెళ్ళి అమ్మని పట్టుకోబోతే, “దగ్గరికి రాకు” అని అరిచింది.

“ఆ అరుపు ఇప్పటికీ వినపడుతుందే” అంది టేపత్త.

పిన్ని ఇంట్లో చాలాకాలం ఉంచారట. తర్వాత వాళ్ళ నాన్నగారు వచ్చి తీసుకెళ్ళింది పల్లెకి కాదు, పట్నంలో కొత్త ఇంటికి. అక్కడ తమ్ముడు లేడు. వాడి ఊసు ఎవరూ ఎత్తలేదు, ఈవిడా అడగలేదు. పొద్దున్నే లేవగానే అమ్మ మాత్రం “నోరు తెరు” అని గొంతులోకి తొంగి చూసేదట. అబద్ధం ఏదైనా లోపల దాచుకున్నానేమో అని చూస్తోంది కాబోలనుకునేదట ఆ పిల్ల.

“ఎవరికి తెలుసు ఈ సంగతి?” అన్నాను.

“అందరికీ తెలుసు. అందుకేగా ఎవరూ మాట్లాడరు.”

దర్జీ కదా, ఆ ముడేదో తనే విప్పుకోవచ్చుగా అంటారు మీరు. ముడి ఉందని ఎవరితోనైనా అంటేగా విప్పడానికి! నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళందరి మీదా కోపమొచ్చింది.

“ఆరేళ్ళ పిల్లవి అత్తా, ఆరేళ్ళ పిల్లవి!”

“వయసుతో పనేముందే. చేతులు నావేగా” అంది. గ్లాసు కింద పెట్టి, “చచ్చేలోపు ఒక్కసారి వాడి దగ్గరికెళ్ళి తప్పయిపోయింది నాన్నా అని చెప్పాలనుంది. ఎక్కడ పెట్టారో కూడా నాకు తెలీదు” అంది.

తెలిసిన మనిషి ఇంకా బతికే ఉంది. ఆనాడు వచ్చి తీసుకెళ్ళిన పిన్ని, మా నానమ్మ చెల్లెలు, నాకు చిన్న నానమ్మ. ఇప్పుడు ఆ పల్లె పక్క ఊళ్ళోనే ఉంటుంది. వెళ్ళి అడుగుదాం అన్నాను. టేపత్త మొహం పాలిపోయింది.

“అడిగితే, అవునే నువ్వే పడేసి చంపావు అంటే?”

ఆ మాట గనక ఆవిడ వింటే మళ్ళీ మనిషి కాదని నాకు తెలుసు. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. నా మనసులో ఎక్కడో ఒక అనుమానం, చంటిపిల్లలు మంచం మీంచి పడుతూనే ఉంటారు, పడ్డవాళ్ళంతా పోతున్నారా అని. పోరుపెట్టి, బతిమాలి, చివరికి తిట్టి ఆదివారం బస్సెక్కించాను. దారి పొడవునా ఆవిడ టేపుని చుట్టడం, విప్పడం, చుట్టడం. పక్క సీట్లో పెద్దమనిషి “ఏం కొలుస్తున్నారమ్మా?” అని నవ్వాడు కూడా. నేను బింకంగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

చిన్న నానమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. నోట్లో ఒక్క పన్ను లేదు, మాట మాత్రం ఎక్కడా తడబడదు. టేపత్తని ఎగాదిగా చూసింది.

“ఓసి నువ్వటే! నేను పోయాక వద్దామనుకున్నావేమో, తొందరపడి ముందే వచ్చావు!” అంది.

టేపత్త నవ్వలేదు. నేనే చెప్పాను, ఆ చిన్నపిల్లాణ్ణి పెట్టిన చోటు చూడాలని. ముసలావిడ మొహంలో నవ్వు పోయింది. ఎందుకని అడగలేదు, మా వంశం కదా. కర్ర అందుకుని లేచింది.

“మీకు మీరుగా వెతికితే దొరకదు. పదండి, ఆటో పిలవండి” అంది.

సమాధుల తోట ఊరి బయట, చుట్టూ నడుమెత్తు గోడ. గేటుకి ఒక పక్క కీలు ఊడిపోయి తీగతో కట్టి ఉంది. లోపల ఒకాయన కొడవలితో గడ్డి కోస్తున్నాడు. ముందున్నవి కొత్తవి, నున్నటి రాళ్ళు. వెనక్కి వెళ్ళేకొద్దీ పాతవి, నాచు పట్టినవి, ఒరిగినవి. చిన్న నానమ్మ కర్రతో గడ్డిని పక్కకి నెట్టుకుంటూ మాకంటే ముందు నడిచింది. వెనక గోడ వారన ఆగింది. అక్కడ అన్నీ చిన్న రాళ్ళే. బడి గంట కొట్టాక వరసలో నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి.

“అదిగో, ఆ చివరిది మనవాడిది” అంది.

టేపత్త కదల్లేదు. అంత దూరం వచ్చి, ఇక అడుగు పడటం లేదు. ఆవిడకి కాస్త వ్యవధి ఇద్దామని నేను ఈ చివర నుంచి మొదలుపెట్టాను. గడ్డి కోసే ఆయన బకెట్టుతో నీళ్ళిచ్చాడు. రుమాలు తడిపి రాళ్ళు తుడుస్తుంటే అక్షరాలు లేచాయి. నా అలవాటు కొద్దీ పైకి చదువుతున్నాను. ఒక పాప. నెల, సంవత్సరం. పక్కన ఒక బాబు. అదే నెల, అదే సంవత్సరం. దాని పక్కది, మళ్ళీ అదే. ఇంకో రాయి మీద అన్నా చెల్లెలూ ఇద్దరి పేర్లు, అదే నెల. చదువుతున్నకొద్దీ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చివరి రాయి తుడిచాను. అదీ అంతే.

“పిన్నీ” అంది టేపత్త, చాలా నెమ్మదిగా. “వీళ్ళంతా ఎవరి పిల్లలు?”

“అందరి పిల్లలూనే. ఆ ఏడు వచ్చిందిగా...” చిన్న నానమ్మ ఆగిపోయి చుట్టూ చూసింది. ఇన్నేళ్ళ తర్వాత, చచ్చినవాళ్ళు తప్ప ఎవరూ లేని చోట కూడా ఆ మాట అనడానికి చుట్టూ చూసింది! “కంఠసర్పి” అంది గొంతు తగ్గించి. “గొంతులో తెల్లటి పొర కమ్మేసి ఊపిరాడనివ్వదు. ముందు గొంతు బొంగురుపోతుంది. ఇంటికొక పిల్లనో పిల్లాణ్ణో ఎత్తుకుపోయింది.”

“మా తమ్ముడు పడిపోయాడు పిన్నీ. నా చేతుల్లోంచి పడ్డాడు. పడ్డాకే వాడి గొంతు మారింది, నేను విన్నాను.”

“ఎప్పుడు పడ్డాడే?”

“నువ్వు రావడానికి ముందురోజు. మధ్యాహ్నం.”

“పిచ్చిమొహమా! ఆ రోజు పొద్దున్నే నాకు కబురొచ్చింది. చిన్నాడి గొంతు బొంగురుపోయింది, దీనికి అంటుకోకముందే వచ్చి పెద్దదాన్ని తీసుకుపో అని మీ అమ్మ మనిషిని పంపించింది. బస్సు దొరక్క మర్నాడు వచ్చాను.”

టేపత్త ఆవిడ దగ్గరికి వెళ్ళింది. “కబురు పొద్దున్నే వచ్చిందా?”

“పొద్దున్నే.”

“మధ్యాహ్నం కాదుగా? సరిగ్గా గుర్తుందా నీకు?”

“అప్పుడే పొయ్యి రాజేశాను. నీళ్ళు కుండలో పోసి ఇంకా మరగనేలేదు. ఆ పొయ్యి ఆర్పేసి వాకిట్లో కూర్చున్నాను. మర్చిపోతానటే?”

“అమ్మ దగ్గరికి రావద్దంది పిన్నీ. అరిచింది.”

“అరవదూ! ఆ రోగం పిల్లాణ్ణి ఎత్తుకున్న చేతులవి, వాటితో నిన్ను ముట్టుకుంటుందా? వాడు దక్కినా దక్కకపోయినా దీన్ని దక్కించు అని నన్ను వేడుకుంది. రోజూ పొద్దున్నే నీ గొంతు చూస్తానని నా చేత ఒట్టు వేయించుకుంది. చూసేదాన్ని, జ్ఞాపకం లేదూ? తర్వాత తనూ చూసేది. ఎన్నేళ్ళు చూసిందో దానికే తెలియాలి.”

నేను ఆ తడి గడ్డిలోనే చతికిలబడ్డాను. “అమ్మయ్య!” అని నా నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, గడ్డి కోసే ఆయన కొడవలి ఆపి చూశాడు. హాయిగా ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఎవరినైనా పట్టుకుని దులిపేద్దామనిపించింది. దొరికింది చిన్న నానమ్మే.

“ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?” అన్నాను.

“అదేమైనా అడిగిందా? గుర్తుచేస్తే బాధపడుతుందని మేం ఎత్తలేదు.”

“నేనెత్తితే నన్నెక్కడ తిడతారో అని నేనడగలేదు” అంది టేపత్త.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా ఇంట్లో అడిగేవాళ్ళూ లేరు, పెట్టేవాళ్ళూ లేరు. ముందు ముసలావిడే నవ్వింది, ఆ బోసినోటితో. తర్వాత టేపత్త. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, భుజాలు ఎగిరేలా ఆవిడ అంత పెద్దగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. “పొద్దున్నేనట! కబురు పొద్దున్నే వచ్చిందట!” అని నాకు చెప్తుంది, నేను అక్కడ లేనట్టు. గడ్డి కోసే ఆయనకి కూడా చెప్పింది. ఆయనకేం అర్థమైందో గానీ, “మంచిదమ్మా” అన్నాడు.

నవ్వు అయ్యాక ఆ చివరి రాయి దగ్గరికి వెళ్ళింది. ఈసారి అడుగులు బాగానే పడ్డాయి. వంగి, దాని అంచున మిగిలిన నాచుని గోటితో గీకింది. తప్పయిపోయిందని చెప్పడానికి కదా వచ్చింది, ఆ మాటకి ఇప్పుడు పని లేదు.

“వాడెలా ఉండేవాడు పిన్నీ?” అంది. “నాకు ఆ పడ్డప్పటి మొహం తప్ప ఇంకేదీ గుర్తు లేదు.”

“ఎలా ఉంటాడు, నీకు అతుక్కుపోయి ఉండేవాడు. నీ చంక దిగితే ఒట్టు. మీ అమ్మ ఒళ్ళో పాలు తాగుతున్నా సరే, గుమ్మంలో నువ్వు కనిపిస్తే చాలు, మూతి తుడుచుకోకుండా నీ మీదకి దూకేవాడు. కన్నది నేనా అదా అని మీ అమ్మ కుళ్ళుకునేది.”

టేపత్త వింటూ వింటూ రాయి పక్కన కూర్చుండిపోయింది. “ఇన్నేళ్ళూ వాడంటే భయపడ్డానే. వాడి కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు” అని నాతో అంది. తర్వాత గొంతు విడిచి, చిన్నపిల్లలా ఏడవడం మొదలుపెట్టింది. నేను కంగారుపడి లేవబోతే చిన్న నానమ్మ కర్ర అడ్డం పెట్టి ఆపింది.

“ఏడవనీవే. దాని తమ్ముడు పోయాడు” అంది.